గాలిమరల దేశంలో నాలుగు రోజులు

డెన్మార్కు అనగానే మనకు గుర్తువచ్చేవి తక్కువే. చిన్నప్పుడు చదివిన హాన్స్ ఆండర్సన్ కథలు, రేకు డబ్బాలలో వచ్చే వెన్న బిస్కట్లు, కాస్త చరిత్ర చదివినవాళ్ళకయితే తరంగంబాడి సముద్రపుటొడ్డున డేనులు కట్టిన కోట. నాకూ అంతకంటె ఎక్కువ తెలియదు. ఆర్హుస్ పట్నంలో ఇంజనీరుగా ఉంటున్న మా మేనల్లుడు మూడేళ్ళుగా పిలుస్తూ ఉంటే, కిందటి అక్టోబరులో ఎట్టకేలకు బయలుదేరాను.

విమానం కోపెన్‌హేగన్ దగ్గరకు వచ్చి కిందికి దిగుతుండగా కిటికీలోంచి చూశాను. బూడిదరంగు సముద్రంలో తెల్లటి స్తంభాలు, విల్లులాగా వంగిన వరసలో నిలబడి ఉన్నాయి. లెక్కపెట్టాను. ఇరవై. ప్రతిదానికీ మూడేసి రెక్కలు. అన్నీ ఒకే వైపుకు మొహం తిప్పుకొని తాపీగా తిరుగుతున్నాయి.

విమానాశ్రయానికి వచ్చిన మా మేనల్లుణ్ణి మొట్టమొదట అడిగిన సంగతి అదే.

"అవి మిడెల్‌గ్రుండెన్ గాలిమరలు, మావయ్యా. 2000 సంవత్సరంలో పెట్టారు. ఒక్కొక్కటి రెండువేల కిలోవాట్లు. కట్టినప్పుడు అందులో సగం నగరంవాళ్ళ విద్యుత్ సంస్థది, సగం ఒక సహకార సంఘానిది. ఎనిమిదివేల పైచిలుకు మంది వాటాలు కొన్నారు."

"అంతా షావుకార్లేనా?"

"షావుకార్లేమిటి? మామూలు సంసారులు. మనవాళ్ళు చీటీ కట్టినట్టు వీళ్ళు గాలిమరలో వాటా కడతారు."

ఈ పిచ్చి వీళ్ళకు ఎలా పట్టిందిరా అన్నాను. ఒక్క మాటలో చెప్పేది కాదనీ, నాలుగు రోజులు తిరిగితే తెలుస్తుందనీ అన్నాడు. అలా తిరిగిన నాలుగు రోజుల ముచ్చటే ఇది.

మోటార్లు తిరగని ఆదివారాలు

మొదటి రాత్రి కోపెన్‌హేగన్‌లో ఒక చిన్న బసలో దిగాము. ఆ ఇల్లాలికి అరవై దాటి ఉంటాయి. పొద్దున కాఫీ పోస్తూ మాటలలో పెట్టింది. మేము గాలిమరలు చూడబోతున్నామని తెలిసి నవ్వి, "అయితే 1973 సంగతి చెప్పాలి మీకు" అంది.

ఆ యేడు అక్టోబరులో ఈజిప్టు, సిరియాలకూ ఇజ్రాయిలుకూ యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు బిగించాయి. బ్యారెలు మూడు డాలర్ల చొప్పున ఉన్న ముడిచమురు, 1974 జనవరి నాటికి పదకొండు డాలర్లు దాటింది. అప్పటికి డెన్మార్కు వాడే ఇంధనంలో నూటికి తొంభై పాళ్ళు పైనుంచి తెచ్చుకొన్న చమురే. కరెంటు చమురుతో, మోటారు చమురుతో, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడం చమురుతో. చమురు లేకపోతే ఈ దేశంలో బండి ఆగిపోవడమే కాదు, మనిషి గడ్డకట్టిపోతాడు.

1973 నవంబరు 25 నుంచి ఆదివారాలలో సొంత కార్లు నడపరాదని ప్రభుత్వం శాసనం చేసింది. మరుసటి ఫిబ్రవరి దాకా అది అమలులో ఉంది.

"నాకు అప్పుడు పదేళ్ళు. మాకయితే అది పండగ" అందామె. "పెద్దరోడ్డు నడిమధ్యన సైకిళ్ళు తొక్కాము, చక్రాల బూట్లతో జారాము. గుర్రపు బళ్ళు బయటికి వచ్చాయి. మా అమ్మకు మటుకు పండగ కాదు. ఇంట్లో ఒక్క గదిలోనే వేడిపెట్టి తక్కినవి మూసేసింది. ఆ శీతకాలం అందరమూ ఆ ఒక్క గదిలోనే చదివాము, తిన్నాము, పోట్లాడుకొన్నాము."

ఆమె చెబుతూ ఉంటే నా మనస్సు ఇంకెక్కడికో పోయింది. ఆ చలికాలంలో నేను కాలేజీ విద్యార్థిని. సెలవులకు ఇంటికి వెళితే మా అమ్మ అడిగే మొదటి ప్రశ్న 'అన్నం తిన్నావా?' అని కాదు. 'డిపోకు కిరసనాయిలు వచ్చిందట, డబ్బా పట్టుకు వెళతావా?' అని. ఎడారిలో ఎవరో కుళాయి కట్టేస్తే, కోపెన్‌హేగన్‌లో ఒక పిల్ల చక్రాల బూట్లు తొడుక్కొన్నది. కృష్ణాజిల్లాలో ఒక కుర్రవాడు డబ్బా పట్టుకొని క్యూలో నిలబడ్డాడు.

"అయితే ఇక్కడ గాలిమరల కథ 1973లో మొదలయిందన్నమాట" అన్నాను రైలెక్కాక.

"కాదు మావయ్యా. అప్పుడు గుర్తుకు వచ్చింది, అంతే. మొదలయిన చోటు ఇవాళ చూపిస్తాను."

అస్కావ్ మాస్టారు

డెన్మార్కులో మన లెక్కకు కొండలనేవి లేవు. ఆ దేశంలో అన్నిటికంటె ఎత్తయిన సహజమైన దిబ్బ 171 మీటర్లు. మన సింహాచలం కొండ ఇంతకంటె ఎత్తు. కొండలు లేకపోతే ఉరికే నదులు లేవు; ఉరికే నదులు లేకపోతే జలవిద్యుత్తు అంతంతమాత్రం. బొగ్గుగనులు లేవు. ఉన్నదల్లా రెండు వైపులా సముద్రం, మధ్యన ఎడతెరిపి లేని గాలి. రైలు సముద్రపు జలసంధిమీద పొడుగాటి వంతెన దాటి పడమటికి పోతూ ఉంటే, పొలాల గట్లమీద చెట్లన్నీ తూర్పు వైపుకు వంగి కనిపించాయి. గాలి రోజూ ఏ దిక్కునుంచి వస్తుందో అవే చెబుతున్నాయి.

జట్లండ్ ద్వీపకల్పంలో వేయన్ అనే స్టేషనులో దిగి అస్కావ్ గ్రామానికి నడిచాము. ఇక్కడ 1865లో స్థాపించిన ప్రజాపాఠశాల ఉంది. ఇలాంటి బడులు డెన్మార్కులో ఒక ప్రత్యేక సంప్రదాయం. గ్రుండ్‌ట్విగ్ అనే మతాచార్యుడి బోధవల్ల పుట్టాయి. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. పొలం పనులు లేని రోజులలో రైతుబిడ్డలు వచ్చి అక్కడే ఉండి చరిత్ర, సాహిత్యం, లెక్కలు, లోకజ్ఞానం నేర్చుకొని పోయేవారు. 1864 యుద్ధంలో దక్షిణాన పెద్ద భాగం పోగొట్టుకొని కుంగిపోయిన దేశాన్ని మళ్ళీ నిలబెట్టినది ఈ బడులే అని ఇక్కడివాళ్ళు నమ్ముతారు.

ఈ బడికి 1878లో పౌల్ ల కూర్ అనే సైన్సు మాస్టారు వచ్చాడు. అంతకుముందు వాతావరణ శాఖలో పెద్ద ఉద్యోగం. తంతి యంత్రాలలో కొత్త విషయాలు కనిపెట్టి పేరు తెచ్చుకొన్నవాడు. అదంతా వదలిపెట్టి పల్లెటూరి బడిలో చేరాడు. పట్నాలకు కరెంటు దీపాలు వస్తున్నాయి, పల్లెలు కిరసనాయిలు దీపాలకిందే ఉండిపోతే పడుచువాళ్ళంతా ఊళ్ళు వదలిపోరా అన్నది ఆయన బెంగ. ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో 1891లో బడి ఆవరణలోనే ఒక గాలిమర కట్టి, దానితో విద్యుత్తు పుట్టించాడు.

ఒక చిక్కు వచ్చింది. గాలి మన చెప్పుచేతలలో ఉండదు. దీపం కావలసిన రాత్రి గాలి ఉండదు. గాలి ఉన్న రాత్రి అందరూ నిద్రపోతారు. దానికి మాస్టారు చేసిన ఉపాయం ఏమంటే, గాలి వీచినప్పుడు వచ్చిన కరెంటును నీటిలోకి పంపి, నీటిని ఉదజని, ప్రాణవాయువు అనే రెండు వాయువులుగా విడగొట్టి, తొట్టెలలో దాచాడు. గాలి లేనప్పుడు ఆ వాయువులనే దీపాలలో వెలిగించాడు. 1895 నుంచి ఏడేళ్ళపాటు అస్కావ్ బడిలో పిల్లలు ఈ దీపాల వెలుతురులోనే చదివారు. ఉదజనిలో ప్రాణవాయువు కాస్త కలిసిపోయి దీపాలు పేలి, బడి కిటికీ అద్దాలు ఒకటికి రెండుమాట్లు మార్చవలసి వచ్చిందని కూడా చెబుతారు. దరిమిలా బ్యాటరీలకు మారారు.

1897లో కట్టిన రెండవ మర కట్టడం ఇప్పుడు మ్యూజియం. లోపల ల కూర్ వాడిన పరికరాలు చూశాము. ఒక గొట్టంలోంచి గాలి తోలి, దాని ఎదుట రకరకాల రెక్కలు పెట్టి ఆయన పరీక్షలు చేశాడు. రెక్కలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిదని లోకమంతా అనుకొంటూ ఉంటే, తక్కువ రెక్కలు వేగంగా తిరిగితేనే ఎక్కువ పని జరుగుతుందని ఆయన తేల్చాడు.

వీటన్నిటికంటె నన్ను ఎక్కువ ఆకట్టుకొన్న సంగతి ఇంకొకటి ఉంది. ఆయన యంత్రం చేసి ఊరుకోలేదు; దాన్ని నడపగల మనుషులను తయారుచేశాడు. 1903లో ఒక సంఘం పెట్టి, ఆ తరువాతి యేడు నుంచి పల్లెటూరి కుర్రవాళ్ళకు విద్యుత్తు పని నేర్పాడు. 1904లో అలా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో పదిహేడేళ్ళ యొహన్నెస్ యూల్ ఒకడు.

ఈ పేరు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

ల కూర్ 1908లో పోయాడు. ఆరేళ్ళకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, ఇంగ్లండు బొగ్గూ అమెరికా కిరసనాయిలూ కటకటలాడాయి. అప్పుడు మాస్టారి విద్య దేశానికి అక్కరకు వచ్చింది. 1918 నాటికి డెన్మార్కులో సుమారు 120 పల్లెటూరి విద్యుత్ కేంద్రాలలో గాలిమరలు తిరుగుతున్నాయి. యుద్ధం ముగిసింది, ఓడలు వచ్చాయి, మరలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. రెండవ యుద్ధంలో జర్మన్లు దేశాన్ని ఆక్రమించినప్పుడు మళ్ళీ అదే కరువు, మళ్ళీ అదే వెతుకులాట. ఈసారి ఎఫ్.ఎల్. స్మిత్ అనే సిమెంటు యంత్రాల కంపెనీ గాలిమరలు కట్టింది. మన దేశంలో లార్సెన్ అండ్ టూబ్రో స్థాపించిన ఇద్దరు డేనులూ మొదట ఈ కంపెనీ పనిమీద వచ్చినవాళ్ళే. ఆ యుద్ధమూ ముగిసింది. ఆ మరలూ పాతబడ్డాయి.

ఈ మాట వింటే మా నాన్నగారు చెప్పే బొగ్గుబస్సు గుర్తుకు వచ్చింది. యుద్ధం రోజులలో పెట్రోలుకు రేషను. బస్సు వెనక పొయ్యిలాంటి పెద్ద డ్రమ్ము తగిలించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారట. తెల్లవారుజామున క్లీనరు చెమటలు కక్కుతూ చక్రం తిప్పితే గాని బస్సు కదిలేది కాదు. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తొయ్యాలి. పెట్రోలు రాగానే ఆ డ్రమ్ములన్నీ పాత ఇనుములోకి పోయినాయి. ఎవరికీ బాధ కలగలేదు. అదొక పీడ వదిలిందనుకొన్నారు.

కరువులో పుట్టిన బిడ్డను కలిమి రాగానే ఎవరూ ఎత్తుకోరు. డెన్మార్కులో జరిగినదీ అంతే. ఒక్క మనిషి తప్ప.

యూల్ కట్టిన మర

మూడవ రోజు మా మేనల్లుడి కారులో టాంగే చెరువు గట్టున ఉన్న విద్యుత్ మ్యూజియానికి వెళ్ళాము. అక్కడ ఒక పాత గాలిమర తలా రెక్కలూ భద్రపరిచారు. చూడడానికి అందంగా ఏమీ ఉండదు. మూడు మొరటు రెక్కలు, వాటిని ఒకదానికొకటి బిగించి పట్టుకొన్న కడ్డీలు, వెనక ఒక పెట్టె. కాని ఈనాడు లోకంలో ఎక్కడ చూసినా కనిపించే మూడు రెక్కల గాలిమరలకు ఇది తాతగారు.

అస్కావ్‌లో పని నేర్చుకొన్న యూల్ తరవాత విద్యుత్ ఇంజనీరై, ఒక ప్రాంతీయ విద్యుత్ సంస్థలో ఉద్యోగం చేశాడు. నలభై యేళ్ళు ఎందరికో దీపాలు వెలిగించాడు. మన లెక్కన పెన్షను పుచ్చుకొని మనవలను ఆడించవలసిన అరవయ్యో పడిలో, 1947 ప్రాంతాన, చిన్నప్పుడు మాస్టారు చెప్పిన పాఠం మళ్ళీ తెరిచాడు. మొదట రెండు చిన్న మరలు కట్టి పరీక్షించాడు. యుద్ధానంతరం అమెరికా ఇచ్చిన మార్షల్ సహాయ నిధిలోంచి డబ్బు వచ్చింది. పని సాగుతుండగానే 1956లో సూయజ్ కాలువ మూతపడి యూరపుకు మళ్ళీ చమురు కటకట వచ్చింది. 1957లో దేశానికి దక్షిణపు కొసన గెడ్సర్ అనే చోట 200 కిలోవాట్ల మర నిలబెట్టాడు.

అందులో ఆయన చేసిన కిటుకు మన రైతులకు చెబితే చటుక్కున తెలుస్తుంది. బావిమీద పంపుసెట్టు మోటారుకు అంటించిన రేకుమీద 1440 అని ఉంటుంది. అంటే కరెంటు ఇస్తే అది నిమిషానికి అన్ని చుట్లు తిరిగి నీళ్ళు తోడుతుంది. అదే మోటారు లైనుకు తగిలించి ఉండగానే బయటనుంచి బలం పెట్టి 1500 చుట్లు దాటించి తిప్పామనుకోండి, అది కరెంటు తినడం మానేసి లైనులోకి తిరిగి ఇవ్వడం మొదలుపెడుతుంది. వేగాన్ని అదుపులో ఉంచేది కూడా ఆ లైనే. యూల్ సరిగా ఈ సూత్రాన్నే వాడుకొన్నాడు. ఇక తుపాను గాలి వస్తే? రెక్కల ఆకారం ఎలా మలిచాడంటే, గాలి మరీ ఉధృతమయితే రెక్కను పట్టి తిప్పలేక జారిపోతుంది. అప్పటికీ మర అదుపు తప్పితే రెక్కల కొసలు తమంతట తామే అడ్డం తిరిగి బ్రేకు వేస్తాయి.

ఆ మర పదేళ్ళు తిరిగింది. కాని ఆ పదేళ్ళలో ఎడారి చమురు నీళ్ళకంటె చవక అయిపోయింది. లెక్కలు చూసిన పెద్దలు గాలి కరెంటు గిట్టుబాటు కాదన్నారు. ఆ లెక్క తప్పు కాదు కూడా. ఆనాటి ధరలకు అది సరయిన లెక్కే. 1967లో మరను ఆపివేశారు. రెండేళ్ళకు, 1969లో యూల్ కాలం చేశాడు. మోటార్లు తిరగని ఆదివారం రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

ఆ మొరటు రెక్కల ముందు కొంచెంసేపు నిలబడ్డాను. పదిహేడేళ్ళకు విన్న పాఠాన్ని డెబ్భై యేళ్ళకు నిజంచేసి చూపించి, అది ఆగిపోవడం కూడా కళ్ళారా చూసి పోయాడు పాపం. ఆపివేసిన మరను మటుకు ఎవరూ విప్పి అమ్ముకోలేదు. 1977లో అమెరికా ప్రభుత్వంవాళ్ళూ డేనులూ కలిసి దానికి మరమ్మతు చేయించి, మళ్ళీ తిప్పి, అది ఎలా పనిచేస్తుందో కొలతలు తీసుకొన్నారు. అది పాత ఇనుములోకి పోయి ఉంటే కొలవడానికి ఏమి మిగిలి ఉండేది?

ట్వింద్‌లో వడ్రంగులు, పంతుళ్ళు

1973 దెబ్బకు డెన్మార్కు ప్రభుత్వం వెంటనే గాలివైపు తిరిగిందనుకోకండి. మొదట తిరిగింది బొగ్గువైపు. చమురు కేంద్రాలను బొగ్గు కేంద్రాలుగా మార్చారు. తరవాత అణువిద్యుత్తు అన్నారు. దానిమీద దేశమంతా పదేళ్ళపాటు వాదులాడుకొని, 1985 మార్చిలో పార్లమెంటు ఆ ఆలోచన మానుకొన్నది. ఈలోగా గాలిమరలు కట్టినవాళ్ళు పెద్ద ఇంజనీర్లు కారు. క్రిస్టియన్ రీసాగర్ అనే వడ్రంగి, యూల్ పద్ధతినే చిన్నదిగా చేసి, బజారులో దొరికే సామాన్లతో తన తోటలో 22 కిలోవాట్ల మర నిలబెట్టాడు. అది చూసి ఇరుగుపొరుగు తమకూ కావాలన్నారు. కమ్మరులు, మెకానిక్కులు, నిరుద్యోగులయిన పడుచువాళ్ళు తలా ఒకటి మొదలుపెట్టారు.

నాలుగవ రోజు పడమటి తీరాన ఉల్ఫ్‌బోర్గ్ దగ్గర ట్వింద్ అనే చోటికి పోయి, వీటన్నిటిలోకీ వింత అయిన దాన్ని చూశాము. అక్కడొక బడి ఉంది. 1975లో ఆ బడి పంతుళ్ళు తమ జీతాలు ఉమ్మడిగా వేసుకొని, ప్రపంచంలోకెల్లా పెద్ద గాలిమర కడతామని బయలుదేరారు. వందలమంది జనం ఊరికే వచ్చి పనిచేశారు. కాంక్రీటు స్తంభం సుమారు 53 మీటర్లు. రెక్క ఒక్కొక్కటి 27 మీటర్లు. గాజునారతో అక్కడే తయారుచేసుకొన్నారు. 1978 మార్చిలో అది తిరిగింది. నవ్విన నిపుణులు నోరు మూసుకొన్నారు. ఆ బడులు నడిపే సంస్థ పెద్దల మీద తరవాత కోర్టు వ్యవహారాలు నడిచాయి. అది వేరే కథ. వాళ్ళ మర మటుకు నలభై యేళ్ళు దాటినా నిలిచి ఉన్నది.

మేము వెళ్ళిన రోజు గాలి ఎంత జోరుగా ఉన్నదంటే నా మంకీటోపీ ఎగిరిపోయి మా మేనల్లుడు పొలానికి అడ్డంబడి పరుగెత్తవలసి వచ్చింది. ఎర్ర చారల తెల్లరెక్కలు నెత్తిమీద నుంచి ఊఁ... ఊఁ... అని దిగివస్తూ ఉంటే, ఎవరో మహాకాయుడు ఊపిరి తీస్తున్నట్టుంది.

ఆ ప్రాంతంలోనే లెమ్ అనే ఊళ్ళో 1898లో కమ్మరి కొలిమిగా మొదలయి, వ్యవసాయ పరికరాలు చేసే కంపెనీగా పెరిగిన వెస్టాస్, 1979 నుంచి గాలిమరలు అమ్మడం మొదలుపెట్టింది. ఆ యేడే ఇరాన్ విప్లవంతో రెండవసారి చమురు మండిపోయింది. గాలిమర కొనేవారికి ఖర్చులో నూటికి ముప్ఫై పాళ్ళు ప్రభుత్వం ఇచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియాకు వేలకొద్దీ డేనుల మరలు ఎగుమతి అయినాయి.

1986లో మళ్ళీ పాత కథే. చమురు ధర ఒక్కసారిగా పడిపోయింది. అమెరికాలో పన్ను రాయితీ ముగిసింది. వెస్టాస్ దివాలా తీసి, 1987లో కొత్తగా పుట్టవలసి వచ్చింది. ఇదివరకటిలాగా అయితే కథ అక్కడితో కంచికి పోవాలి. పోలేదు. ఎందుకంటే ఈసారి మర ఒక్క మాస్టారిదో, ఒక్క ఇంజనీరుదో కాదు. 1882లోనే పాల సహకార సంఘం పెట్టుకొన్న రైతులు వీళ్ళు. అదే పద్ధతిని గాలికీ తెచ్చారు. పదిమంది కలిసి ఒక మర కొనడం, కరెంటు అమ్మి వచ్చినది పంచుకోవడం. 1990ల చివరికి లక్షకు పైగా కుటుంబాలకు గాలిమరలలో వాటా ఉంది. చమురు చవక అయిందని ఎవరూ తన పాడిగేదెను తోలెయ్యడు గదా! 1991లో సముద్రంలో గాలిమరలు పెట్టడం లోకంలో మొట్టమొదట ఇక్కడే, విండెబీ దగ్గర జరిగింది. ఇటీవలి సంవత్సరాలలో ఈ దేశపు కరెంటులో సుమారు సగం గాలిదే.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రి ఆర్హుస్‌లో భోజనాలదగ్గర మా మేనల్లుడి భార్య 2022 సంగతి చెప్పింది. ఉక్రెయిన్ మీదికి రష్యా దండెత్తిన యేడు. గ్యాసు ధర, కరెంటు ధర ఆకాశానికి అంటాయి. ఇంత గాలి ఉన్న దేశంలోనూ ప్రభుత్వ కార్యాలయాలలో వేడి 19 డిగ్రీలు దాటనివ్వలేదు. "ఆఫీసులో శాలువ కప్పుకొని కూర్చున్నాము పిన్నిగారూ అని మా అమ్మకు ఫోనులో చెబితే నవ్వింది" అని పొరుగింటి తెలుగు అమ్మాయి మాట ఒకటి చెప్పి తనూ నవ్వింది. ఆ యేడు మే నెలలో నాలుగు దేశాల ప్రధానులు ఈ దేశపు ఎస్బియర్గ్ రేవులో కలిసి, ఉత్తర సముద్రం నిండా గాలిమరలు నింపుతామని ఒడంబడిక చేసుకొన్నారు. తీరా 2024 డిసెంబరులో సముద్రంలో పెద్ద మరలకు డెన్మార్కు టెండర్లు పిలిస్తే ఒక్క కంపెనీ కూడా రాలేదు. వడ్డీలు పెరిగాయి, సామాన్లు ప్రియమయినాయి. భయం ఉన్నప్పుడు చేసిన వాగ్దానం, లెక్క వేసుకొనే రోజు వచ్చేసరికి ఎప్పుడూ కాస్త బరువుగానే ఉంటుంది.

ఇంటికి తిరిగి వచ్చిన వారానికి మా ఊరు వెళ్ళాను. మా పెదనాన్నగారి పెరట్లో ఒక మూల, కొబ్బరిచెట్టు మొదట్లో, గుండ్రంగా సిమెంటు అంచు ఒకటి కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను గాని ఎన్నడూ దాన్ని తలచుకోలేదు. 1976లో, కిరసనాయిలు కరువు రోజులలో, పెదనాన్నగారు కట్టించిన గోబర్‌గ్యాసు గొయ్యి అది. నాలుగు గేదెల పేడతో ఆ ఇంట్లో పొయ్యి నీలంగా వెలిగేది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. కొన్నాళ్ళకు గొయ్యిమీది ఇనుప డ్రమ్ము తుప్పుపట్టి చిల్లులు పడ్డది. అప్పటికి గ్యాసు సిలిండర్లు వచ్చాయి. మరమ్మతు ఎందుకులే అన్నారు. గొయ్యి పూడ్చి కొబ్బరిమొక్క పెట్టారు.

"2022లో సిలిండరు వెయ్యి దాటినప్పుడు మీ అన్నయ్యకు అది గుర్తువచ్చింది. మళ్ళీ కట్టిద్దామా అన్నారు" అంది వదిన.

మరి కట్టించలేదేమి అని అడిగాను.

"కట్టిన మేస్త్రీ ఏడీ? ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. కొడుకు ఉన్నాడు, మంచి పనివాడే. కాని ఈ పని ఎవరికి కావాలిలే అని అతనికి నేర్పలేదట."